కూర్చుండబెట్టినవారెవరు?

లావు అను మాటకు మా సీమలో రెండర్థములు గలవు. ఒడిలోని శిశువు విషయమున నది దీవెన. బడికి బోవు బాలుని విషయమున నది నింద. తొట్టెలోని బిడ్డ బుగ్గలు నిండుగా నున్నచో ఇంటి పెద్దలు మురిసి దిష్టి తీయుదురు. ఆ బిడ్డయే పదియేండ్లవాడై మెట్లెక్కునప్పుడు రొప్పినచో, అదే యింటివారు వానిని సోమరిపోతనుచున్నారు. ఈ రెండు మాటల నడుమ ఆ బిడ్డ చేసిన యపరాధమేమి? అతని దినమును ఏర్పరచినవారెవరు? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచదలచితిమి.

మా అనంతపురము పీఠభూమి కరవునకు పుట్టినిల్లు. ఏటి సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియును పడవలసిన వేళ పడదు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగింపగా, ఈశాన్యపు వానలు కోస్తాలోనే చాలవరకు కురిసిపోగా, మాకు మిగులునది ఎర్రనేల, వేరుసెనగ చేను, ఆకాశమువైపు చూచు చూపు. 1876–78 సంవత్సరముల మహాక్షామము ఈ దత్తమండలములలో లెక్కకు మిక్కిలి ప్రాణములను బలిగొనెను. తరువాత 1882లో అనంతపురము బళ్లారినుండి విడివడి వేరు జిల్లా యయ్యెను. ఇట్టి నేలలో ఒంట కండ పట్టుట ఐశ్వర్యముగా నెంచబడుటలో వింతలేదు. అవ్వ మనుమని సంగటిముద్దపై మరియొక నేతిచుక్క వేయుట అజ్ఞానము కాదు, అది జ్ఞాపకము. ఆకలి నెరిగిన కన్ను బిడ్డ యెముకలను చూచి యోర్వలేదు. ఆ యవ్వను మేము నిందింపము.

కాని కాలము మారినది. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సునకు తగిన యెత్తు ఎదుగనివారు నూటికి 35.5 మంది. అదే వయస్సున అధిక బరువు గలవారు 2015–16లో నూటికి 2.1 మంది కాగా, ఈ సర్వే నాటికి 3.4 అయిరి. ప్రపంచారోగ్య సంస్థ లెక్కచొప్పున 2022లో లోకమంతట 5 మొదలు 19 ఏండ్ల వయస్సువారిలో అధిక బరువు గలవారు 39 కోట్లు. వారిలో స్థూలకాయులు 16 కోట్లు. ఎండిన బిడ్డయు బరువెక్కిన బిడ్డయు నేడు ఒకే వీధిలో నున్నారు. ఒక్కొక్కచో ఒకే యింట నున్నారు. కావున కరవు సీమలో స్థూలకాయమును గూర్చి మాటలాడుట ధనికుల ముచ్చటయని త్రోసివేయుటకు వీలులేదు.

ఈ విషయమున వ్రాయుటకు మాకుగల యర్హత పాండిత్యము కాదు, ఒక తప్పు. కొన్నేండ్ల క్రిందట మేము పాఠము చెప్పు ఏడవ తరగతిలో బరువైన బాలుడొకడుండెను. చదువులో చురుకైనవాడు, ఎవరినిని నొప్పింపనివాడు. ఒకనాడు ప్రార్థనకు ఆలస్యముగా వచ్చినందుకు అతనిని మైదానము చుట్టు రెండుమారులు పరుగెత్తుమంటిమి. మొదటి చుట్టు సగమైనను కాకముందే అతడు నిలిచిపోయి, మోకాళ్లపై చేతులుంచుకొని రొప్పసాగెను. వరుసలోని పిల్లలు నవ్విరి. మా పెదవులపైనను నవ్వు మెదలెనని యొప్పుకొనవలసియున్నది. అంతటితో నూరకుండక, దినమంతయు కదలకుండ కూర్చుండుటచేతనే నీకీ గతి పట్టినదని మందలించితిమి. అతడు తలయెత్తి, పొగరు లేశమైనను లేక, నిజముగా తెలియక యడిగినవానివలె, "కూర్చోమనేది మీరే కదా సార్!" అనెను.

ఆ మాటకు మాయొద్ద సమాధానము లేకపోయెను. నేటికిని లేదు.

మరునాడు అతనిచేత ఒక సోమవారపు దినచర్యను కాగితముపై వ్రాయించితిమి. ఉదయము 5.30కు లేచుట; 6 నుండి 7 వరకు గణితపు ట్యూషను; 7.45కు వ్యానెక్కుట, 8.30 నుండి సాయంకాలము 4.30 వరకు బడి; ఆపైన 5.30 వరకు అక్కడనే చదువు గంట, 6 దాటిన తరువాత ఇల్లు, 6.30 నుండి 8 వరకు రెండవ ట్యూషను, 9.30 వరకు ఇంటిపని, 10.30 వరకు పరుపుపై సెల్‌ఫోను, ఆపైన నిద్ర. మేల్కొనియున్న 17 గంటలలో అతడు కాళ్లపై నుండినకాలము వ్యానునుండి గదికి, గదినుండి కుళాయికి, మరల వ్యానునకు నడచినదంతయు గూడి అరగంటకు మించలేదు. వారమునకు రెండు ఆటల పీరియడ్లు కాలపట్టికలో నుండెను. పరీక్షలు దగ్గరపడినవని వానిలో నొకదానిని గణితోపాధ్యాయుడు తీసికొనెను. రెండవదానిని వ్యాకరణము కొరకు తీసికొన్నవారము మేమే. ఒక చేత కాళ్లకు సంకెల వేసి, రెండవ చేత పరుగెత్తలేదని కొట్టుట యనగా నిదియే.

పనిలోపనిగా అతని ప్రక్కబల్లపై కూర్చుండు బక్కపలుచని బాలుని దినచర్యను సైతము వ్రాయించితిమి. రెండు కాగితములను ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. భేదము మిక్కిలి స్వల్పము. అతడును కూర్చుండియే యున్నాడు; అతడును వ్యానులోనే వచ్చుచున్నాడు; అతడును పరుపుపై ఫోనే చూచుచున్నాడు. అయినను అతనిని సోమరియని ఏనాడును ఎవరును అనలేదు. అనగా మనము నిందించుచున్నది కదలకుండుటను కాదు. కంటికి కనబడు దేహమును. నడవడిపై తీర్పు చెప్పుచున్నామని తలచి మనము ఆకారముపై తీర్పు చెప్పుచున్నాము. ఇది నీతి కాదు; నీతి వేషమున నున్న హేళన.

కూర్చుండుట గుణమా, పరిస్థితియా యను విచారణలో లండను నగరపు బస్సుల కథ ప్రసిద్ధము. జెర్రీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో కూడి ఆ నగరపు బస్సు డ్రైవర్లను కండక్టర్లను పరిశీలించి 1953లో ఫలితములను ప్రకటించెను. దినమంతయు చక్రము పట్టుకొని కూర్చుండు డ్రైవర్లకు గుండెజబ్బు హెచ్చు. రెండంతస్తుల బస్సులలో మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు తక్కువ. ఇరువురును ఒకే బండిలోని వారు. డ్రైవరు కండక్టరుకంటె సోమరి యని ఎవరైన ననగలరా? అతడు కూర్చున్నది కొలువు కూర్చుండబెట్టుటచేత. మా బడిపిల్లలందరును డ్రైవర్లే. వారు నడపు బండి మాత్రము వారిది కాదు.

అయితే ఆ కథ అంతటితో ముగియలేదు. మారిస్ బృందము 1956లో ఆ యుద్యోగుల దుస్తుల కొలతలను తీసి చూచినది. చిన్నవయస్సు డ్రైవర్లలో సైతము నడుము కొలత కండక్టర్ల కంటె హెచ్చుగా నుండెను. అప్పుడు క్రొత్త సందేహము పుట్టెను: కూర్చుండుటచేత దేహము బరువెక్కినదా, లేక బరువైన దేహము కూర్చుండు పనికి చేరినదా? కారణమేది, కార్యమేది? తర్కశాస్త్రము చదివినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కాని బిడ్డల విషయమున దానిని వేసికొనువారు అరుదు.

ఆ ప్రశ్నను పిల్లల విషయముననే వేసినవారు ఇంగ్లండులోని ప్లిమత్ నగరపు పరిశోధకులు. వారు సుమారు రెండువందలమంది పిల్లలను ఏడవయేటినుండి పదవయేటివరకు ఏటేట పరీక్షించిరి. కదలికను లెక్కించు చిన్న యంత్రమును ధరింపజేసి చలనమును, వేరు సాధనముతో దేహములోని కొవ్వును కొలిచిరి. 2011లో ముద్రింపబడిన వారి నిర్ణయము మన నమ్మకమును తలక్రిందు చేయుచున్నది. ముందు కొవ్వు పెరిగిన పిల్లలలో తరువాత కదలిక తగ్గినది. ముందు కదలిక తగ్గిన పిల్లలలో తరువాత కొవ్వు పెరిగినట్లు కనబడలేదు. ఒక్క నగరపు ఒక్క పరిశోధనతో వివాదమంతయు తీరినదని మేమనము. కాని కదలడు గనుక లావైనాడని మన మెంత నిస్సందేహముగా పలుకుచున్నామో, అంత నిస్సందేహత్వమునకు ఆధారము లేదని మాత్రము దానివలన తేటపడుచున్నది. లావైన బాలునికి పరుగు శ్రమ, పరుగెత్తిన యెగతాళి, ఆటలో జట్లు ఎంచుకొనునప్పుడు కట్టకడపటి పేరతనిది. ఇన్నియు నెరిగిన బాలుడు గోడవారను నిలుచుట సోమరితనమా? అది తన మానమును కాపాడుకొనుట.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె నిదానించి మాటలాడిరి. చరకసంహిత సూత్రస్థానమున స్థౌల్యమునకు కారణములను లెక్కించుచోట మితిమీరిన భోజనము, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మొదలగువానిని చెప్పి, వానితోపాటు బీజస్వభావమును సైతము చేర్చెను. తల్లిదండ్రులనుండి వచ్చిన దేహధర్మమని దాని భావము. వ్యాయామలోపమును మాత్రము గ్రహించి, బీజస్వభావమును విడిచివేయువాడు చరకుని సగమే చదివినవాడు.

ఈ బీజస్వభావమను మాటకు కరవు సీమవారు ప్రత్యేకముగా చెవియొగ్గవలసియున్నది. 1944–45 చలికాలమున జర్మను ముట్టడివలన హాలండు దేశమున ఘోరమైన ఆకలి యేర్పడెను. ఆ కాలమున గర్భము తొలిసగములో నుండగా తల్లి ఆకలికి గురియైనచో, ఆ బిడ్డలు పందొమ్మిదేండ్ల యువకులై సైనికపరీక్షకు వచ్చినప్పుడు వారిలో స్థూలకాయులు హెచ్చుగా నుండిరని 1976లో వెల్లడియైనది. మన దేశముననే పుణె నగరమున డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందము మన నవజాతశిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి, మన శిశువులు తూకమునకు తేలికయైనను వారి దేహమున కొవ్వుపాలు తగ్గలేదని, తగ్గినది కండ మున్నగునవియే యని 2003లో చూపెను. తల్లి కడుపు కాలినచో బిడ్డ దేహము దాచుకొనుట నేర్చుకొనును కాబోలు. అట్లయినచో, తరతరముల కరవునుండి వచ్చిన సీమలో నేటి బిడ్డ బరువు అతని గుణమునకు గురుతు కాదు. దానిలో పెద్దల ఆకలి సైతము పాలుపంచుకొని యుండవచ్చును.

ఇక్కడ ఒక యాక్షేపణ రాగలదు. ఇట్లు కాలమును, కొలువును, బీజమును కారణములుగా చెప్పుచు బోయినచో, మనుజుని ప్రయత్నమునకు చోటెక్కడ? స్వయంకృషిని బోధింపవలసిన ఉపాధ్యాయులే సాకులు నేర్పవచ్చునా? ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. బాధ్యత లేనిచో నీతియే లేదని మేమును నమ్ముదుము. కాని బాధ్యత స్వాతంత్ర్యమునకు నీడ వంటిది. స్వాతంత్ర్యమెంత పొడవో బాధ్యతయు అంతే పొడవు. పై కాగితములోని 17 గంటలలో ఆ బాలుడు తన యిష్టముతో గడిపినది ఒక్క గంట, ఆ ఫోను గంట. తక్కిన పదునారింటిని కేటాయించినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వ్యానులవారు, పరీక్షలవారు. మన పదునారు గంటలను గూర్చి మౌనము వహించి, ఆ యొక్క గంటకు మాత్రము అతనిని బోనులో నిలుపుట ఏ ధర్మశాస్త్రమునకు సమ్మతము? ఆ ఫోనును అతని చేతికిచ్చినవారమును మనమే. మన చేతిలోను అదియే యున్నది.

మరియొక భ్రమను సైతము తొలగింపవలసియున్నది. కదలిక యంతయు మేలు కాదు. చేనిలో వేరుసెనగ పీకు కూలిబిడ్డ తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు వంగుచు లేచుచునే యుండును. బిందె మోయు బాలిక మైలుదూరము నడచుచునే యున్నది. వారికి స్థూలకాయము లేదని సంతోషింపగలవాడు మనుష్యుడు కాడు. ఒక బిడ్డకు ఆట లేని విశ్రాంతి, మరియొక బిడ్డకు ఆట లేని శ్రమ. ఇద్దరును కోల్పోయినది ఒక్కటే. దేహము మనస్సు చెప్పినట్లు సంతోషముతో కదలుటయే ఆట. దానిని ధనము ఒకవైపునుండి, దారిద్ర్యము మరియొకవైపునుండి అపహరించుచున్నవి.

ఆడుబిడ్డల విషయము చెప్పనే యక్కరలేదు. ప్రపంచారోగ్య సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలు తీయగా, లోకమున 11 మొదలు 17 ఏండ్ల వయస్సువారిలో నూటికి 81 మంది తగినంత కదలుట లేదని తేలినది. బాలురలో 78, బాలికలలో 85. మన యిండ్లలో రజస్వలయైన నాటినుండి పిల్ల గట్టిగా పరుగెత్తినచో మందలింతురు. వాకిట తాడాట ఆడినచో ఇరుగుపొరుగు చూతురందురు. నాలుగేండ్లు గడచిన పిమ్మట ఆమె బరువెక్కినదని, సంబంధములు కుదరవని విచారింతురు. ఈ రెండు మందలింపులును ఒకే నోటివి.

మరి చేయవలసినదేమి? ప్రపంచారోగ్య సంస్థ 2020 నాటి సూచనలలో 5 మొదలు 17 ఏండ్ల పిల్లలకు వారమంతటి సగటున దినమునకు 60 నిమిషములైనను ఊపిరి వేగిరపడునంతటి కదలిక అవసరమని చెప్పినది. అరువది నిమిషములు! ఒక ట్యూషను కంటె తక్కువ. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఆటస్థలముండవలెనని తన షెడ్యూలులోనే వ్రాసినది. కాని అంగడులమీది అంతస్తులలో నడచుచున్న బడులు ఏ పట్టణమున లేవు? మైదానము గల బడులలో సైతము ఆటల పీరియడు పాఠములకు అప్పుగా పోవుచున్నది; ఆ యప్పు మరల తీరుట మేము చూడలేదు.

మా సీమ యెండలు ఆటకు పనికిరావని కొందరందురు. వేసవిలో మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటు మాట నిజమే. అయితే ప్రొద్దు పొడిచినప్పుడును, సాయంకాలము అయిదు దాటిన తరువాతను ఈ పీఠభూమిపై వీచు గాలి కోస్తావారికి దొరకునది కాదు. ఆ రెండు వేళలను మనము ట్యూషనులకు అమ్ముకొంటిమి. ఎండ మాత్రము ఆటకు మిగిలినది. 1969లో విన్సెంటు ఫెర్రరు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాస్థలమున 2010లో స్పెయిను క్రీడాకారుడు రాఫెల్ నాదల్ ఫౌండేషను సాయముతో ఒక టెన్నిసు పాఠశాల తెరువబడినది. టెన్నిసను పేరైన నెరుగని యిండ్ల పిల్లలు ఈ కరవునేలపైననే రాకెట్టు పట్టిరి. ఆటతోపాటు ఇంగ్లీషును కంప్యూటరును నేర్చిరి. నేల ఆటకు అడ్డము రాలేదు. అడ్డము వచ్చునది మన కాలపట్టిక.

ఇంటిలో చేయదగినవి చిన్న పనులే. నడచిపోగల దూరమునకు బండి తీయకుండుట. సాయంకాలపు గంట నొకదానిని ఏ పరీక్షకును ఈయకుండుట. బిడ్డను నడువుమని తాము కుర్చీలో కూర్చుండక, వెంట నడచుట. ఆటను శిక్షగా గాని, మందుగా గాని ఈయక, ఆటగా నిచ్చుట. అన్నింటికంటె ముఖ్యము, భోజనపుపీటపైగాని బంధువుల యెదుటగాని బిడ్డ దేహమును గూర్చి వ్యాఖ్యానింపకుండుట. వ్యాయామముచేత మాత్రమే బరువు త్వరగా తగ్గునని ఆశపెట్టుట సైతము తగదు. అట్లు జరుగనిచో బిడ్డ రెండవసారి ఓడినట్లు భావించును. బరువు తగ్గినను తగ్గకున్నను, ఆడిన దేహమునకు గుండెబలము, మంచి నిద్ర, మనస్సునకు తేట కలుగును. అది చాలదా?

చివరకు మా బాలుని మాట. ఆ కాగితము చదివిన వారమే మేము తీసికొనిన పీరియడును తిరిగి యిచ్చివేసితిమి. క్షమాపణ చెప్పవలెనని తోచినది. తరగతి యెదుట నవ్వితిమి గనుక తరగతి యెదుటనే చెప్పితిమి. మొదటి రెండు వారములు అతడు గోడవారనే కూర్చుండెను, మేమేమియు ననలేదు. మూడవ వారమున చెడుగుడు జట్టులో నొకడు తక్కువైనప్పుడు పిల్లలే అతనిని పిలిచిరి. అతని పట్టును విడిపించుకొని గీత చేరుట మిక్కిలి కష్టమని ఆనాడు తరగతివారికి తెలిసినది. ఈ సంగతి విన్న మిత్రుడొకడు, ఏడాది ముగియునప్పటికి ఆ బాలుని బరువు ఎంత తగ్గినదని మమ్మడిగెను.

మేము తూచలేదు.